డిస్నీ వరల్డ్ హోటళ్లలో క్రిస్మస్ అలంకరణలు: మా ఇంటికి వచ్చే ప్రతివాళ్లూ అడిగే ప్రశ్నలు

మాది ఫ్లోరిడాలోని టాంపా. ఓర్లాండో పక్కనున్న వాల్ట్ డిస్నీ వరల్డ్‌కి ట్రాఫిక్ కరుణిస్తే కారులో గంటా పావు. నవంబరు వచ్చిందంటే అట్లాంటా నుంచీ షార్లెట్ నుంచీ డాలస్ నుంచీ ఫోన్లు మొదలవుతాయి. “హోటళ్లలో క్రిస్మస్ డెకరేషన్లు భలే ఉంటాయటగా, ఎలా చూడాలి?” అని. ప్రతి ఏడూ చెప్పిందే చెప్పి నోరు నొప్పెట్టి, ఈసారి రాసి పెడుతున్నాను. ఎక్కువమంది అడిగేవి ముందు, మా అత్తయ్య మాత్రమే అడిగినవి వెనక.

పని గట్టుకుని హోటళ్లు చూడ్డమేంటండీ? పార్కులు లేవా?

సంక్రాంతికి బొమ్మల కొలువు పేరంటానికి ఇల్లిల్లూ తిరిగినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఒకరింట్లో కొండపల్లి బొమ్మలు, ఇంకొకరింట్లో ఏటికొప్పాక లక్కబొమ్మలు, పక్కింట్లో పిల్లాడి ప్లాస్టిక్ జంతువులతో అడివి. మెట్లు అవే, తీరు వేరు. ఇక్కడా అంతే. డిస్నీ వరల్డ్‌లో పాతిక దాకా హోటళ్లున్నాయి. ఒకటి పూర్వకాలపు ఫ్లోరిడా సముద్రతీరపు బంగ్లాలా ఉంటుంది, ఒకటి అమెరికా పడమటి అడవుల్లో దుంగలతో కట్టిన సత్రంలా, ఒకటి ఆఫ్రికాలా, ఒకటి న్యూ ఇంగ్లండ్ రేవులా. క్రిస్మస్ చెట్టు అన్నిట్లోనూ ఉంటుంది, కానీ దాని మీద ఏం వేలాడదీశారన్నది ఆ హోటల్ కథని బట్టి మారిపోతుంది. చూడాల్సింది ఆ మార్పునే.

పైగా ఖర్చు లేదు. కుటుంబంతో ఒక్క రోజు పార్కుకి వెళ్తే ఎంతవుతుందో మీకు తెలుసు కాబట్టి ఈ మాట రెండోసారి చెప్పను.

పార్కు టికెట్ లేకపోతే లోపలికి రానిస్తారా?

రానిస్తారు. హోటల్ లాబీకి టికెట్ అక్కర్లేదు. మోనోరైలుకీ, పడవలకీ, స్కైలైనర్ అనే తీగబండికీ కూడా అక్కర్లేదు. చిక్కంతా కారు పెట్టుకోవడం దగ్గర వస్తుంది. దాని గురించి కింద విడిగా రాశాను. అది చదవకుండా బయల్దేరకండి.

ఎప్పుడు పెడతారు, ఎప్పుడు తీసేస్తారు?

హాలోవీన్ గుమ్మడికాయలు తీసీ తీయగానే మొదలవుతుంది. ముందు పార్కులు, తర్వాత ఒక్కొక్క హోటలూ. పని చాలావరకు రాత్రిళ్లే చేస్తారు. నిన్న మామూలుగా ఉన్న లాబీలో పొద్దున్న లేచేసరికి చెట్టు నిలబడి ఉంటుంది. డిస్నీ వాళ్లు చెప్పుకునే లెక్కలో మొత్తం 1,300కి పైగా చెట్లు, 15 మైళ్ల పొడవు పచ్చదండలు. అన్ని హోటళ్లూ ముస్తాబయ్యేసరికి నవంబరు నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ దగ్గరపడుతుంది. కొత్త సంవత్సరం వెళ్లిన కొద్ది రోజులకి అన్నీ సర్దేస్తారు. జనవరి రెండో వారానికి టికెట్లు కొనుక్కుని “ఇంకా ఉంటాయా?” అని అడిగేవాళ్లకి నా జవాబు: సంక్రాంతికి రండి, అరిసెలు పెడతాను, చెట్టు మాత్రం చూపించలేను.

నన్నడిగితే థాంక్స్‌గివింగ్ వారం దాటాక వచ్చే రెండు వారాలంత మంచి సమయం లేదు. అన్నీ అమర్చేసి ఉంటాయి, బడి సెలవులు ఇంకా మొదలవ్వవు. డిసెంబరు 20 నుంచి జనవరి 1 దాకా ఏడాది మొత్తంలో ఇక్కడ అత్యంత రద్దీ రోజులు. మన వాళ్లకి సెలవులు దొరికేదీ అప్పుడే, ఏం చేస్తాం.

ఒక్క సాయంత్రమే ఉంది. ఎక్కడికి వెళ్లాలి?

మోనోరైలు దారి పట్టండి. సెవెన్ సీస్ లగూన్ అనే చెరువు చుట్టూ తిరిగే రిసార్ట్ మోనోరైలు వరసగా పాలినేషియన్, గ్రాండ్ ఫ్లోరిడియన్, మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కు, కాంటెంపరరీ దగ్గర ఆగుతుంది. మూడు హోటళ్లు, ఒకటే బండి, నడక తక్కువ.

పాలినేషియన్‌తో మొదలుపెట్టండి. అక్కడ అలంకరణ పొదుపుగా ఉంటుంది, కనక మొదట చూస్తేనే బావుంటుంది. పెద్దది చూశాక చిన్నది ఆనదు. అక్కణ్ణించి గ్రాండ్ ఫ్లోరిడియన్‌కి నడకదారి కూడా ఉంది. మోకాళ్లు సహకరిస్తే నడవండి, చెరువు అవతల మ్యాజిక్ కింగ్‌డమ్ కోట వెలుగుతూ కనిపిస్తుంది.

గ్రాండ్ ఫ్లోరిడియన్ 1988లో కట్టింది. లాబీ ఐదంతస్తుల ఎత్తు, పైన రంగు అద్దాల గుమ్మటాలు, మధ్యలో ఎక్కడో పియానో. చెట్టు ఆ ఎత్తుకి తగ్గట్టే ఉంటుంది. కింద నిలబడి చూస్తే మెడ పట్టేస్తుంది, అందుకని రెండో అంతస్తు వసారాలోకి వెళ్లి రెయిలింగ్ దగ్గర నిలబడండి. చెట్టు నడుమూ, కింద మూగిన జనమూ, జింజర్‌బ్రెడ్ అనే శొంఠి, మసాలా బిస్కట్టుతో కట్టిన ఇంటి కప్పూ ఒక్కసారే కనిపిస్తాయి. పైనుంచి చెట్టు చూడ్డానికి నాకు తెలిసినంతలో డిస్నీ వరల్డ్ మొత్తంలో దీన్ని మించిన చోటు లేదు. కుర్చీలు కూడా ఉంటాయి.

చివర కాంటెంపరరీ. ఇది 1971లో డిస్నీ వరల్డ్‌తో పాటే తెరిచిన హోటల్. ఆంగ్ల అక్షరం ‘ఎ’ ఆకారంలో ఉంటుంది, మోనోరైలు ఏకంగా భవనం కడుపులోంచి వెళ్తుంది. నాలుగో అంతస్తు హాల్లో ఏటా జింజర్‌బ్రెడ్‌తో ఏదో ఒకటి కడతారు. దాని కంటే మా పిల్లలకి ఇష్టం అక్కడి గోడ మీద 90 అడుగుల ఎత్తున మేరీ బ్లెయిర్ గీసిన పలకల చిత్రం. అందులో ఒక మేకకి ఐదు కాళ్లుంటాయి. మేకని వెతకమని వదిలేస్తే మీకు పది నిమిషాలు విశ్రాంతి.

గ్రాండ్ ఫ్లోరిడియన్‌లో ఆ జింజర్‌బ్రెడ్ ఇల్లు నిజంగా తినేదేనా? చెక్కకి రంగేశారా?

మా అత్తయ్య మొదటిసారి అడిగిన ప్రశ్న ఇదే. అడిగి ఊరుకోలేదు, వంగి గోడని వాసన చూసింది. “శొంఠి, లవంగం, దాల్చినచెక్క,” అని లెక్కపెట్టి, “నిజమేనే!” అంది. లోపల చెక్క చట్రం ఉంటుంది, దాని మీద పరిచినదంతా తినుబండారమే. గోడలకి పెంకుల్లా అతికించినవి జింజర్‌బ్రెడ్ బిళ్లలు, అతికించిన సున్నం పంచదార పాకం కాదు, గుడ్డు తెల్లసొనలో పొడి చక్కెర గిలక్కొట్టిన ముద్ద. దగ్గరికెళ్లి చూడండి. బిళ్లల అంచుల్లో ఆ తెల్లముద్ద అక్కడక్కడా పొంగి గట్టిపడి ఉంటుంది. మనిషి చేత్తో అద్దాడని అక్కడే తెలుస్తుంది.

ఈ ఇల్లు 1999 నుంచి కడుతున్నారు. బొమ్మరిల్లు కాదు, మనుషులు లోపల నిలబడి కిటికీలోంచి మిఠాయిలు అమ్మేంత ఇల్లు. హోటల్ వాళ్లు ప్రకటించే సామాను జాబితా మన పెళ్లి వంటల చిట్టాలా ఉంటుంది. తేనె 1,050 పౌన్లు, పిండి 800 పౌన్లు, చాక్లెట్ 700 పౌన్లు, పొడి చక్కెర 600 పౌన్లు, మసాలా దినుసులు 35 పౌన్లు, గుడ్డు తెల్లసొన 140 పింట్లు. మన లెక్కలో తేనె దాదాపు 475 కిలోలు, పిండి 360 కిలోలు, తెల్లసొన 66 లీటర్లు. “ఇంత తేనెతో తిరుపతి లడ్లు ఎన్ని చేయొచ్చో!” అంది అత్తయ్య. లడ్డూలో తేనె వెయ్యరని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఒక్క హెచ్చరిక. 2020లో కోవిడ్ వల్ల కట్టలేదు. లాబీలో మరమ్మతులు పెట్టుకుంటే ఆ ఏడు కట్టకపోవచ్చు. ఇంటి కోసమే వెళ్లేవాళ్లు ముందుగా హోటల్‌కి ఫోన్ చేసి కనుక్కోండి.

మేం గుడ్డు తినం. అక్కడ అమ్మే బిళ్లలు తినొచ్చా?

పైన తెల్లసొన లెక్క చదివారుగా. గుడ్డు పట్టింపు ఉన్నవాళ్లు వాసన చూసి ఊరుకోవడమే మేలు. తెల్లగా మెత్తగా ఉండే మార్ష్‌మాలో మిఠాయిల్లో సాధారణంగా జెలటిన్ ఉంటుంది, అది జంతువుల నుంచి తీసేదే. పిల్లలు చేయి చాపే ముందే చూసుకోండి. కౌంటర్లో అడిగితే దేంట్లో ఏముందో ఓపిగ్గా చెబుతారు. “వెజిటేరియన్” అంటే చాలదు, గుడ్డు సంగతి విడిగా అడగాలి. వాళ్ల లెక్కలో గుడ్డు శాకాహారమే.

రెండో సాయంత్రం కూడా దొరికింది. ఇప్పుడు?

క్రెసెంట్ లేక్. ఎప్‌కాట్ పార్కు వెనక గేటు బయట ఉన్న చిన్న చెరువు ఇది. చుట్టూ బీచ్ క్లబ్, యాట్ క్లబ్, బోర్డ్‌వాక్ హోటళ్లు. మూడూ రాబర్ట్ స్టెర్న్ అనే ఆర్కిటెక్ట్ గీసినవే. బండి అక్కర్లేదు, తీరిగ్గా ఓ చుట్టు నడిస్తే అన్నీ అయిపోతాయి.

బీచ్ క్లబ్ లాబీలో జింజర్‌బ్రెడ్ రంగులరాట్నం ఉంటుంది. చక్కెరతో, చాక్లెట్‌తో చేసిన గుర్రాలు, పైన గొడుగు, మొత్తం నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. ఎక్కడానికి కాదని పిల్లలకి ముందే చెప్పి తీసుకెళ్లండి, లేకపోతే అక్కడ రాగం తీస్తారు. రంగులూ గుర్రాలూ ఏటేటా మారుస్తారు, కాబట్టి పోయినేడు చూశాం కదా అనుకోవద్దు. నిలబడి ఒక చుట్టు పూర్తిగా తిరగనివ్వండి. జనం ఎదురుగా వచ్చిన గుర్రాన్ని ఫోటో తీసుకుని వెళ్లిపోతారు, వెనక గుర్రం జీనుకున్న పూసలు ఎవరూ చూడరు. ఆ పూసలు కూడా చక్కెరే.

పక్కనే కలిసి ఉన్న యాట్ క్లబ్‌లో బొమ్మరైలు. మంచుకొండలూ చిన్న చిన్న ఇళ్లూ ఉన్న ఊళ్లోంచి సొరంగంలో దూరి బయటికొస్తుంది. మా ఇంట్లో మగవాళ్లు ఇక్కడ ఆగిపోతారు. కారణం పిల్లలని చెబుతారు.

బోర్డ్‌వాక్ లాబీ చిన్నది. కానీ చీకటి పడ్డాక చెరువు ఒడ్డున చెక్కబాట మీద నడుస్తుంటే అవతలి రెండు హోటళ్ల దీపాలూ నీళ్లలో కనిపిస్తాయి. ఆ పక్కన రాక్షస హంసలూ చేపలూ నెత్తిన పెట్టుకున్న స్వాన్, డాల్ఫిన్ హోటళ్లు డిస్నీ నడిపేవి కావు. ఓపికుంటే తొంగి చూడండి.

ఒక్క రోజులో ఎన్ని హోటళ్లు చూడొచ్చు?

మూడు. మహా అయితే నాలుగు.

మేం మొదటి ఏడాది తొమ్మిది హోటళ్లు చూశాం. జాబితా రాసుకుని, ఒక్కోదానికి ఇరవై నిమిషాలని గీత గీసుకుని బయల్దేరాం. ఐదోదాని దగ్గర చిన్నాడు నిద్రపోయాడు, ఏడోదాని దగ్గర మా ఆయనా నేనూ మాట్లాడుకోవడం మానేశాం. ఇంటికొచ్చి ఫోటోలు చూస్తే ఏ చెట్టు ఏ హోటల్‌దో ఇద్దరికీ గుర్తులేదు. కొలువు పేరంటానికి వెళ్లి గుమ్మంలోనే బొట్టు పెట్టించుకుని పరిగెత్తినట్టయింది. ఇప్పుడు ఒక చోట కూర్చుని కాఫీ తాగనిదే లేవం.

అన్నిట్లోకీ మీకు ఇష్టమైనది ఏది?

విల్డర్‌నెస్ లాడ్జ్. అందరూ గ్రాండ్ ఫ్లోరిడియన్ అంటారు, నేను ఒప్పుకోను.

1994లో తెరిచారు. పీటర్ డొమినిక్ అనే ఆర్కిటెక్ట్ ఎల్లోస్టోన్ పార్కులోని ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్ అనే పాత దుంగల సత్రాన్ని మనసులో పెట్టుకుని గీశాడు. లాబీ అంతా నిలువెత్తు దుంగలు. ఒక మూల 82 అడుగుల ఎత్తున రాతి పొయ్యి, దాని ముందు ఊగుడు కుర్చీలు. చెట్టు మీద మెరుపు బంతులు తక్కువ, ఆ అడవి సత్రానికి నప్పే సామాను ఎక్కువ. గ్రాండ్ ఫ్లోరిడియన్‌లో ఎప్పుడూ ఎవరి ఫోటోలోనో మనం అడ్డం నిలబడి ఉంటాం. ఇక్కడ పొయ్యి పక్కన కుర్చీ దొరికిందంటే గంటసేపు ఎవరూ కదపరు. దుంగల వాసన, చిటపటమనే నిప్పు, బయట ఫ్లోరిడా ఉక్కపోత. లోపలికి రాగానే ఏదో చలిదేశం వచ్చామనిపిస్తుంది. కాంటెంపరరీ రేవు నుంచి పడవలో వెళ్తే ఇంకా బావుంటుంది. చీకట్లో నీళ్ల మీద చల్లగాలి కొడుతుంది, పిల్లలకి స్వెట్టరు తప్పనిసరి.

అదే పడవ ముందుకెళ్తే ఫోర్ట్ విల్డర్‌నెస్. ఇది హోటల్ కాదు, సుమారు 800 డేరా స్థలాలున్న విడిది తోట. ఇక్కడ అలంకరణ కంపెనీ వాళ్లది కాదు, బస చేసే జనానిది. ఇల్లంత ఆర్‌వీ బండ్లలో వచ్చి, తమ స్థలం చుట్టూ దీపాల తోరణాలూ గాలి ఊదిన శాంతాక్లాజులూ పెట్టుకుంటారు. గోల్ఫ్ బండ్లకి కూడా దీపాలు చుట్టి తిరుగుతారు. ఏటా అదే వరసలో దిగే కుటుంబాలున్నాయి. పక్కవాడి కంటే మనది వెలగాలన్న పట్టుదల స్పష్టంగా కనిపిస్తుంది. వినాయకచవితి పందిళ్లకి చందాలు వసూలు చేసిన అనుభవమున్నవాళ్లకి వెంటనే ఇంట్లో ఉన్నట్టుంటుంది. బయటివాళ్ల కార్లని లోపలి వీధుల్లోకి రానివ్వరు. ముందరే ఆపి లోపలి బస్సెక్కాలి, లేదా పడవలో రావాలి.

ఎక్కడైనా మన తిండి దొరుకుతుందా?

దొరుకుతుంది, అదీ అలంకరణలు చూసే దారిలోనే. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో కిడాని విలేజ్ అనే భాగంలో ‘సనా’ అనే రెస్టారెంట్ ఉంది. ఆఫ్రికా, భారతదేశం కలిపిన వంట. అందరూ అడిగేది రొట్టెల పళ్లెం: నాన్ లాంటి రకరకాల రొట్టెలూ, వాటికి తోడు చిన్న గిన్నెల్లో రైతా, చింతపండు చట్నీ, మామిడి చట్నీ వగైరా. పప్పన్నం కాదు గానీ నాలుగు రోజులు బర్గర్లు తిన్న నాలిక్కి ప్రాణం లేచొస్తుంది. కిటికీ బయట పచ్చికలో జంతువులు తిరుగుతుంటాయి. పగలు వెళ్లండి, చీకటి పడితే అవి కనిపించవు.

తిన్నాక అక్కణ్ణించి అదే లాడ్జ్‌లో అసలు భవనమైన జంబో హౌస్‌కి నడవండి. విల్డర్‌నెస్ లాడ్జ్ గీసిన డొమినిక్కే దీన్నీ గీశాడు, 2001లో తెరిచారు. గడ్డి కప్పు లాబీ, డాళ్ల ఆకారంలో వేలాడే దీపాలు, ఆఫ్రికా తీరులో కట్టిన చెట్టు. వెనక తలుపు తీసుకుని నాలుగడుగులు వేస్తే రాతిగట్టు మీంచి జిరాఫీలు. క్రిస్మస్ చెట్టునీ జిరాఫీనీ ఐదు నిమిషాల తేడాలో చూసిన మా చిన్నాడు చాలాకాలం శాంతాక్లాజ్ జిరాఫీ మీద వస్తాడని వాదించాడు.

ఈ హోటల్ మిగతావాటికి దూరం. మోనోరైలు లేదు, పడవ లేదు. దీనికోసం విడిగా ఓ పూట పెట్టుకోండి.

కారు ఎక్కడ పెట్టాలి?

ఇదిగో, అసలు ప్రశ్న.

ప్రతి హోటల్ ముందూ గేటు ఉంటుంది. అక్కడ ఎందుకొచ్చారని అడుగుతారు. ఆ హోటల్లో భోజనానికి రిజర్వేషన్ ఉంటే పేరు చూసి పంపిస్తారు. “ఊరికే చెట్టు చూడ్డానికొచ్చాం” అంటే మామూలు రోజుల్లో పంపిస్తే పంపించొచ్చు, రద్దీ రోజుల్లో వెనక్కి తిప్పేస్తారు. ఓ డిసెంబరు 26న ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యనీ మామయ్యగారినీ వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఓ గేటు దగ్గర ఆగాను. రిజర్వేషన్ లేదు. గేటు దగ్గరున్నాయన చాలా మర్యాదగా తిరుగుదారి చూపించాడు. “ఏమ్మా, లోపలికి రానివ్వలేదా?” అన్నారు మామయ్యగారు. తప్పు నాదే, అయినా ఆ ప్రశ్న ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకని ఇలా చేయండి. మొదటి హోటల్లో భోజనానికో టిఫినుకో రిజర్వేషన్ చేసుకోండి. 60 రోజుల ముందు నుంచి దొరుకుతాయి. అక్కడ తిని, అక్కణ్ణించి మోనోరైలో పడవో ఎక్కి మిగతావి చూసి, కారు దగ్గరికి తిరిగి రండి. లేదంటే పార్కుకి వెళ్లే రోజే చూసేయండి. పార్కింగ్ డబ్బు ఎలాగూ కట్టేశారు, అది 30 డాలర్లకి తగ్గదు. మధ్యాహ్నం మ్యాజిక్ కింగ్‌డమ్‌లో కాళ్లు పీకుతున్నప్పుడు బయటికొచ్చి మోనోరైలెక్కితే ఒకటే ఆగుదలలో కాంటెంపరరీ. ఎప్‌కాట్‌లో ఉంటే వెనక గేటు, అంటే ఇంటర్నేషనల్ గేట్‌వే దాటగానే బీచ్ క్లబ్.

డిస్నీ స్ప్రింగ్స్ అనే బజారులో పార్కింగ్ ఉచితం, అక్కణ్ణించి హోటళ్లకి బస్సులున్నాయి. ఈ చిట్కా అందరికీ తెలిసిపోయింది. పండగ రోజుల్లో బస్సెక్కే ముందు కూడా హోటల్ బసో భోజనం రిజర్వేషనో చూపించమంటున్నారు. ఇంకో సంగతి, ఒక హోటల్ నుంచి ఇంకో హోటల్‌కి నేరుగా బస్సు ఉండదు. ఏదో ఒక పార్కుకో డిస్నీ స్ప్రింగ్స్‌కో వెళ్లి మారాలి. అలా మారితే గంట ఎటుపోయిందో తెలియదు.

పెద్దవాళ్లు నడవలేరు. ఇబ్బందా?

పార్కులతో పోలిస్తే ఇదే సుఖం. లాబీల్లో మెత్తటి సోఫాలు, శుభ్రమైన బాత్‌రూములు, లిఫ్టులు, నీడ. మోనోరైల్లోకి చక్రాల కుర్చీతో నేరుగా ఎక్కొచ్చు. క్రెసెంట్ లేక్ మాత్రం నడక ఎక్కువ. ఇండియా నుంచి వచ్చినవాళ్లని జెట్‌లాగ్ తీరకముందే తీసుకెళ్లకండి, సోఫా మెత్తగా తగలగానే నిద్రపోతారు. మా మామయ్యగారు గ్రాండ్ ఫ్లోరిడియన్ పియానో పక్కన ముప్పావుగంట పడుకున్నారు. ఎవరూ లేపలేదు.

చలి ఎలా ఉంటుంది?

పగలు హైదరాబాదు డిసెంబరు కంటే కొంచెం చల్లన. రాత్రికి 10, 12 డిగ్రీలకి దిగొచ్చు, ఉత్తరపు గాలి తిరిగిన రోజు ఇంకా పడిపోవచ్చు. ఐదున్నరకే పొద్దుగుంకుతుంది, కాబట్టి దీపాలు చూడ్డానికి అర్ధరాత్రి దాకా మేలుకోనక్కర్లేదు. నిజం మంచు పడదు.

చవక హోటళ్లలో ఏమీ ఉండదా?

పాప్ సెంచరీ, ఆల్ స్టార్ లాంటివాటిలో లాబీలో ఓ చెట్టూ కొన్ని దండలూ, అంతే. అక్కడ బస చేస్తే చూడండి, చూడ్డానికి మాత్రం వెళ్లకండి. పాప్ సెంచరీలో దిగినవాళ్లకి ఒక లాభం ఉంది. 2019లో మొదలైన స్కైలైనర్ తీగబండి అక్కణ్ణించి కరీబియన్ బీచ్‌కి, అక్కడ మారితే రివియెరా హోటల్ మీదుగా ఎప్‌కాట్ వెనక గేటుకి తీసుకెళ్తుంది. దిగగానే క్రెసెంట్ లేక్. కారు తియ్యకుండానే రెండో సాయంత్రం యాత్ర అయిపోతుంది.

అలంకరణల కోసం ఖరీదైన హోటల్లోనే బస చేయాలా?

అక్కర్లేదు. క్రిస్మస్ వారంలో గ్రాండ్ ఫ్లోరిడియన్ గది రాత్రికి వెయ్యి డాలర్లు దాటడం మామూలే. వెయ్యి డాలర్ల గదిలోంచి దిగినవాళ్లకీ మీకూ కనిపించే చెట్టు ఒకటే.

మ్యాజిక్ కింగ్‌డమ్ క్రిస్మస్ పార్టీకి వెళ్లమంటారా?

అది వేరే టికెట్, వేరే కథ. నవంబరు రెండో వారం నుంచి క్రిస్మస్ ముందు దాకా కొన్ని రాత్రుల్లో జరుగుతుంది, మెయిన్ స్ట్రీట్ మీద సబ్బునురగ మంచు కురిపిస్తారు. ఇక్కడ దాని సంగతెందుకంటే, పార్టీ ఉన్న రోజు మామూలు టికెట్ వాళ్లని సాయంత్రం ఆరింటికి పార్కులోంచి పంపించేస్తారు. ఆ జనమంతా మోనోరైలు మీద పడతారు. ఆ రోజు ఐదు నుంచి ఏడు దాకా మోనోరైలు హోటళ్ల జోలికెళ్లకండి.

మేం క్రైస్తవులం. ఇవన్నీ చెట్లూ మిఠాయిలే కదా, యేసు పుట్టుక గురించి ఏమీ ఉండదా?

గుంటూరు నుంచి వచ్చిన మా స్నేహితురాలి అమ్మగారు అడిగారు ఇది. వాళ్లింట్లో డిసెంబరు వస్తే గుమ్మానికి కాగితం నక్షత్రం, హాల్లో పశువుల పాక. హోటళ్లలో రాజ్యమంతా చెట్లదీ జింజర్‌బ్రెడ్‌దీ, ఆవిడ అసంతృప్తి న్యాయమే. దానికి ఎప్‌కాట్‌లో జరిగే క్యాండిల్‌లైట్ ప్రొసెషనల్‌కి వెళ్లాలి. పెద్ద గాయక బృందం, వాద్యబృందం, ఎవరో ఒక ప్రముఖులు వేదిక మీద నిలబడి బైబిల్లోని పుట్టుక కథ చదువుతారు. మొదట కాలిఫోర్నియా డిస్నీలాండ్‌లో 1958లో మొదలైన ఆచారం ఇది. ఎప్‌కాట్ టికెట్ ఉంటే దీనికి విడిగా కట్టక్కర్లేదు, కానీ ముందే వెళ్లి వరసలో నిలబడాలి. ఆవిడ మాటలు అర్థం కాకపోయినా రాగాలు పోల్చుకుని తెలుగులో పాడుకున్నారు.

ఒకప్పుడు లక్షల దీపాలతో వీధి ఉండేదట?

ఉండేది. ఆర్కన్సాలో లిటిల్ రాక్ అనే ఊళ్లో జెన్నింగ్స్ ఆస్‌బోర్న్ అనే ఆయన కూతురు అడిగిందని ఇంటికి దీపాలు పెట్టడం మొదలుపెట్టి, ఏటేటా పెంచుతూ లక్షలకి తీసుకెళ్లాడు. ట్రాఫిక్ భరించలేక ఇరుగుపొరుగు కోర్టుకెక్కారు. ఆ దీపాలే 1995లో ఇక్కడి స్టూడియో పార్కుకి వచ్చాయి. 2016 జనవరి మొదట్లో చివరిసారి వెలిగాయి, తర్వాత ఆ వీధిని కూలగొట్టి వేరేవి కట్టారు. పాత వీడియోలు చూసి వచ్చి వెతుక్కోకండి.

కాలిఫోర్నియాలో ఉన్నాం. అక్కడి డిస్నీలాండ్‌లో?

అక్కడ హోటళ్లు మూడే. గ్రాండ్ కాలిఫోర్నియన్ లాబీ ఒక్కటి చూస్తే చాలు. పెద్ద చెట్టు, పొయ్యి, జింజర్‌బ్రెడ్ ఇల్లు. ఓ గంట పని.

పండగ అయ్యాక అంత తిండీ పారేస్తారా?

అత్తయ్య ఇండియా విమానం ఎక్కబోతూ అడిగిన ఆఖరి ప్రశ్న ఇది. అన్నం మెతుకు కింద పడితే కళ్లకద్దుకునే మనిషి, అడక్కుండా ఎలా వెళ్తుంది. రెండు నెలలు గ్రాండ్ ఫ్లోరిడియన్ లాబీలో దుమ్ము పట్టిన బిళ్లలు మనుషులు తినేలా ఉండవు. వాటిని ఒలిచేశాక చక్కెర ముద్ద అంటుకున్న చెక్క చట్రాన్ని ఆరుబయట పెడతారు. తేనెటీగలు వస్తాయి. రోజుల తరబడి ఆ తీపంతా నాకి చెక్కని శుభ్రం చేసేస్తాయి, ఆ చెక్కలే మళ్లీ వచ్చే ఏడు వాడతారు.

అత్తయ్య కాసేపు ఆలోచించింది. “వాటి తేనె అవే పట్టుకెళ్లాయన్నమాట,” అని బ్యాగు సర్దుకుంది.